గేటు దగ్గర లేని కాయితం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పది రోజుల క్రితం ఫోను చేసి, "మీరు కార్మిక శాఖలో పనిచేశారు గదా, నలుగురికీ పనికివచ్చే విషయం ఏదైనా ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. గుమాస్తాకు నోట్ వ్రాయడం అలవాటు గాని ఉపన్యాసం అలవాటు లేదు. అందుచేత కాయితం మీద వ్రాసుకొని వచ్చాను. చదువుతాను. భోజనానికి ముందు నా వంతు వచ్చింది కనుక ఎవరికైనా కునుకు వస్తే తప్పు నాదే గాని వారిది కాదు.

ఈ రోజు మనకు పండుగ. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అన్నది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చి చెప్పింది. సర్వీసులో ఉన్న రోజుల్లో కూడా మన వెనుక ఒక రక్ష ఉండేది. అది రాజ్యాంగంలోని 311వ అధికరణం. సాధారణంగా ఛార్జిమెమో ఇవ్వకుండా, సంజాయిషీ వినకుండా మనలను ఇంటికి పంపడానికి వీలులేదు. సస్పెండు చేసినా జీవనభృతి ఇవ్వాలి. ఇవన్నీ మనం గాలి పీల్చినట్లు అనుభవించాం. ఉన్నదన్న స్పృహ కూడా లేకుండా అనుభవించాం.

మిల్లులో, గోడౌనులో, దుకాణంలో పనిచేసే మనిషికి 311వ అధికరణం లేదు. అతనికి ఉన్నదల్లా యజమాని వ్రాసిన నిబంధనల కాయితం, ఆ కాయితానికి హద్దులు గీసే చట్టం. ఆ కాయితాన్ని చట్టానికి లోబడి ఎలా వ్రాయాలి, వ్రాసి ఏం చేయాలి అన్నదే నేను ఈ రోజు మనవి చేయదలచిన విషయం. "ఇది యజమానుల గొడవ గదా, మనకెందుకు?" అనుకోవద్దు. మన పిల్లల్లో చిన్న చిన్న సంస్థలు నడిపేవారు ఎందరో ఉన్నారు. అపార్టుమెంటు సంఘాలకు కార్యదర్శులు చాలాచోట్ల మనవాళ్ళే. వాచ్‌మన్‌కు నెల నెలా జీతం ఇచ్చేవాడూ యజమానే.

నేను 1973లో గుమాస్తాగా చేరి 2009లో రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్ళు నా బల్ల మీద ఉన్నవి స్టాండింగ్ ఆర్డర్ల ఫైళ్ళు. తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. 1946లో వచ్చిన ఒక చట్టం ప్రకారం 100 మంది, అంతకు మించి కార్మికులు ఉన్న పరిశ్రమ తన పని నిబంధనలను లిఖితపూర్వకంగా వ్రాసి మా శాఖలో ధృవీకరణ చేయించుకోవాలి. ఎవరు పర్మనెంటు, ఎవరు తాత్కాలికం, షిఫ్టులు ఏమిటి, జీతం ఏ రోజు, సెలవు ఎలా అడగాలి, ఆలస్యమైతే ఏమిటి, ఏది దుష్ప్రవర్తన, దానికి విచారణ ఎలా, అన్యాయం జరిగితే ఎవరికి మొరపెట్టుకోవాలి అన్న వివరాలన్నీ అందులో ఉండాలి. యాజమాన్యం ముసాయిదా 5 ప్రతులు పంపేది. మేము ఒకటి యూనియన్‌కు పంపి, అభ్యంతరాలు చెప్పడానికి 15 రోజుల గడువు ఇచ్చేవాళ్ళం. ఆపైన మా అధికారి ఇరుపక్షాల మాట విని ధృవీకరించేవారు.

మొదట్లో ఆ అధికారి ముసాయిదా చట్టానికి సరిపోయిందా లేదా అన్నంతవరకే చూడాలి. న్యాయంగా ఉన్నదా, సమంజసంగా ఉన్నదా అన్నది ఆయన పని కాదు. 1956లో చట్టాన్ని సవరించి ఆ పని కూడా ఆయనకు అప్పగించారు. చట్టానికి సరిపోవడం ఒకటి, న్యాయంగా ఉండడం మరొకటి అని పార్లమెంటే ఒప్పుకున్నట్లు గదా!

ఆ చట్టంలో 9వ సెక్షన్ ఒకటి ఉండేది. చాలా చిన్నది. ధృవీకరించిన నిబంధనలను ఇంగ్లీషులోను, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోను, వారు లోపలికి వచ్చే ద్వారం దగ్గర, ప్రతి విభాగంలోను బోర్డు మీద పెట్టాలి. అంతే. ఆ చిన్న సెక్షన్ గురించే నేను ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది.

1984లో సంగతి. కోస్తాలో ఒక నూలు మిల్లు. పేరు అనవసరం. ఆ మిల్లు ముసాయిదా నా బల్ల మీదికి వచ్చింది. ప్రభుత్వం తయారుచేసిన మోడల్ నిబంధనలను పక్కన పెట్టుకొని, స్కేలు కింద పెట్టి వాక్యం వాక్యం సరిచూశాను. సరిచూశానని అనుకున్నాను. యూనియన్ నుంచి అభ్యంతరాలు రాలేదు. "ముసాయిదా మోడల్‌కు అనుగుణంగా ఉన్నది. ధృవీకరణకు సమర్పించడమైనది" అని నోట్ వ్రాశాను. అధికారి సంతకం పెట్టారు. ధృవీకరించిన ప్రతులు మిల్లుకు పంపుతూ ఒక కవరింగ్ లెటరు స్టెన్సిల్ మీద కొట్టాను. ఆ లెటరులో చివర ఒక పేరా ఉండాలి. తెలుగు ప్రతిని గేటు వద్ద బోర్డుపై ఉంచి, ఉంచినట్లు ఈ కార్యాలయానికి తెలియజేయవలసినదని. ఆ పేరా కొడితే రెండో పేజీకి పోతుంది. స్టెన్సిళ్ళు నెలకు లెక్కపెట్టి ఇచ్చే రోజులు. చట్టంలో ఉన్నదే గదా, వాళ్ళకు తెలియదా అనుకొని వదిలేశాను.

ఆరేడు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం ఒక మనిషి కార్యాలయానికి వచ్చాడు. ముప్పయ్యేళ్ళు ఉంటాయి. గుండు చేయించుకొని ఉన్నాడు. తండ్రికి జబ్బు చేస్తే ఆరు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడట. సెలవు ముగిసే రోజునే తండ్రి పోయాడు. పెద్దకర్మ పదకొండో రోజు. అది ముగించుకొని మర్నాడు మిల్లుకు వస్తే గేటు దగ్గరే ఆపేశారు. "సెలవు అయిపోయిన ఎనిమిది రోజుల్లో రాలేదు. రూలు ప్రకారం నీ పేరు కొట్టేశాం" అన్నారు.

రూలు ఉన్నమాట నిజం. మోడల్ నిబంధనల్లోనే ఉన్నది. సెలవు ముగిసిన 8 రోజుల్లోగా తిరిగివచ్చి, ఆలస్యానికి కారణం తృప్తికరంగా చెప్పకపోతే ఉద్యోగం మీద హక్కు పోతుంది. నేను ఫైలు తీసి ఆ పేజీ అతనికి చూపించాను. అతను దానివంక చూశాడు. అది ఇంగ్లీషు.

"అయ్యగారూ, ఈ ఎనిమిది రోజుల సంగతి మాకెవరూ చెప్పలేదండి. తెలిస్తే ఎవరిచేతన్నా ఒక కార్డు ముక్క రాయించి పడేసేవోణ్ణి గదండి" అన్నాడు.

పదిహేను పైసల పోస్టుకార్డు. అతని ఉద్యోగం విలువ ఆ రోజున అంత.

ఆ సాయంత్రం ఫైలు మళ్ళీ మొదటినుంచి చదివాను. మోడల్‌లో ఆ నిబంధన చివర ఇంకొక వాక్యం ఉన్నది. అలా హక్కు పోయిన కార్మికుణ్ణి బదిలీ లిస్టులో ఉంచాలని. అంటే ఎవరైనా పనికి రాని రోజున ఆ పని ఇచ్చే జాబితా. పూర్తిగా వీధిన పడకుండా ఒక ఆసరా. మిల్లు పంపిన ముసాయిదాలో ఆ వాక్యం లేదు. నా స్కేలు దాన్ని దాటిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు మిల్లుకు వెళ్ళి చూస్తే నిబంధనలు అద్దాల ఫ్రేములో చక్కగానే ఉన్నాయట. మేనేజరుగారి గదిలో, ఇంగ్లీషులో.

మా అధికారి ఇరుపక్షాలను పిలిచి రాజీకి ప్రయత్నించారు. కుదరలేదు. లేబర్ కోర్టుకు వెళ్ళే దారి ఉన్నది గాని, ఇంట్లో ఇద్దరు పిల్లలతో అతను అన్నాళ్ళు ఆగలేకపోయాడు. కొద్ది మొత్తం తీసుకొని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత రెండేళ్ళకు మార్కెట్ యార్డులో మిరపకాయల బస్తాలు మోస్తూ కనిపించాడు. నన్ను గుర్తుపట్టాడు. తిట్టలేదు. "ఆ కాయితం ఇప్పుడు తెలుగులో పెట్టారాండి?" అని అడిగాడు. పెట్టారని చెప్పాను. అప్పటికి పెట్టించాం. అతనికి మాత్రం అది ఉపయోగపడలేదు.

ఆ తరువాత 1993లో సుప్రీంకోర్టు డి.కె. యాదవ్ కేసులో తీర్పు ఇచ్చింది. అదీ ఇలాంటి ఎనిమిది రోజుల నిబంధనే. నిబంధనలో అలా వ్రాసి ఉన్నా సరే, మనిషి మాట వినకుండా, విచారణ లేకుండా పేరు కొట్టివేయడం చెల్లదు, బ్రతుకుతెరువు తీసివేసేముందు సంజాయిషీకి అవకాశం ఇవ్వాలి అని చెప్పి, ఆ కార్మికుణ్ణి సగం వెనుకటి జీతంతో ఉద్యోగంలోకి తీసుకోమన్నది. ఆ తీర్పు ప్రతి మా సెక్షన్‌కు వచ్చినప్పుడు అందరికంటె ముందు నేనే చదివాను. యార్డులో మనిషి గుర్తుకు వచ్చాడు. తొమ్మిదేళ్ళు ఆలస్యం.

ఆ ఫైలు నాకు నేర్పినది మూడు ముక్కల్లో చెబుతాను. మోడల్ చూసి వ్రాసుకున్నంత మాత్రాన నిబంధన మంచిది కాదు. చట్టంలో చోటున్నంత మాత్రాన దాన్ని కళ్ళు మూసుకొని అమలుచేయకూడదు. అన్నిటికంటె ముఖ్యం, ఎవరి మీద అమలవుతుందో వారికి తెలియని నిబంధన వలే గాని నిబంధన కాదు.

ఇప్పుడు ఈ కాలానికి వస్తాను. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. నేను మోసిన 1946 చట్టం వాటిలో కలిసిపోయింది. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి అన్నది ఇప్పుడు 300 మంది, అంతకు మించి కార్మికులున్న చోట్లకే. ఇది విని చిన్న యజమానులు కొందరు "మనకు ఇక నిబంధనల గొడవ లేదు, మన ఇష్టం" అనుకుంటున్నారు. అది పొరపాటు. ధృవీకరణ లేదు గాని, చట్టం లేకుండా పోలేదు.

మా రెండో అబ్బాయి మందుల పంపిణీ సంస్థ నడుపుతాడు. 24 మంది పనిచేస్తారు. అందులో 7గురు స్త్రీలు. మొన్న ఒక కాయితాల కట్ట తెచ్చి, "నాన్నగారూ, స్టాఫ్‌కు పాలసీ తయారుచేశాను, ఒకసారి చూడండి" అన్నాడు. ఎక్కడిదని అడిగితే, స్నేహితుడి కంపెనీది తెచ్చి పేరు మార్చానన్నాడు. నాకు నా స్కేలు గుర్తుకు వచ్చింది. ఎర్ర పెన్సిలు తీసుకొని కూర్చున్నాను.

మొదటిది: "పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోత." ఇది చెల్లదన్నాను. పనికి రాని కాలానికి ఎంత జీతమో అంతే కోయవచ్చు. అంతకు మించి కోస్తే అది జరిమానా. జరిమానా వేయాలంటే ఏ తప్పులకు వేస్తారో ప్రభుత్వ అనుమతితో ముందుగా నోటీసు పెట్టాలి, మనిషి సంజాయిషీ వినాలి. విన్న తరువాతైనా ఒక జీతకాలంలో జరిమానా మొత్తం జీతంలో నూటికి 3 దాటకూడదు.

రెండవది: "స్టాకు తగ్గితే ఆ నష్టం అందరి జీతాల్లోంచి సమంగా రాబట్టబడును." ఎవరి అజాగ్రత్త వల్ల నష్టం వచ్చిందో తేల్చి, అతని మాట విన్న తరువాత, నష్టానికి మించకుండా అతని దగ్గరే రాబట్టాలి. ఒకడు చేసిన దానికి అందరినీ దండించే పద్ధతి మా చిన్నప్పుడు బడిలో ఉండేది. చట్టంలో లేదు.

మూడవది: "చెప్పకుండా మానేసినవారికి ఆ నెల జీతం ఇవ్వబడదు." వేతనాల కోడ్ ప్రకారం తీసివేసినా, తనకు తానే మానుకున్నా, రావలసిన జీతం 2 పనిదినాల్లో చెల్లించాలి. చేసిన పనికి కూలి ఎగవేయడానికి ఏ పాలసీ అక్కరకు రాదు.

నాలుగవది: "పని ఎక్కువున్న రోజుల్లో అదనపు గంటలు పనిచేయవలెను." దానికి ఎంత ఇస్తారో వ్రాయలేదు. రెట్టింపు రేటుకు తగ్గరాదు అని చేర్పించాను. మావాడు కాస్త ముఖం ముడుచుకున్నాడు. "మీరు ఎవరి పక్షం నాన్నగారూ?" అన్నాడు. "నీ పక్షమేరా. రేపు నువ్వు ఆఫీసు మెట్ల మీద నిలబడకుండా చూస్తున్నాను" అన్నాను.

ఐదవది కాయితంలో లేనే లేదు. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇస్తే, 2013లో చట్టం వచ్చింది. కమిటీకి అధ్యక్షురాలు స్త్రీ, సభ్యుల్లో కనీసం సగం స్త్రీలు, బయటినుంచి ఒకరు. ఫిర్యాదుకు సాధారణంగా 3 నెలల గడువు, విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయకపోతే యజమానికి 50,000 రూపాయలదాకా జరిమానా. ఫిర్యాదు యజమాని మీదనే అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. 10 మంది కంటె తక్కువున్న చోట పనిచేసేవారు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు కూడా అక్కడికే వెళ్ళవచ్చు. "మన దగ్గర అలాంటివి జరగవు నాన్నగారూ" అన్నాడు. జరగనప్పుడే కమిటీ వేయాలి. జరిగిన తరువాత వేసే కమిటీని ఎవరూ నమ్మరు.

ఇవిగాక ప్రతివారికీ నియామక పత్రం, ప్రసూతికి 26 వారాల సెలవు, 10 మంది, అంతకు మించి ఉంటే ఇ.ఎస్.ఐ., 20 మంది, అంతకు మించి ఉంటే ప్రావిడెంటు ఫండు సంగతి, గ్రాట్యుటీ సంగతి వ్రాయించాను. 18 పేజీల కట్ట 5 పేజీలకు దిగింది. దాన్ని తెలుగులో వ్రాయమన్నాను. "వచ్చేది, వ్రాసేది మా క్లర్కులకు ఇంగ్లీషే" అన్నాడు. "ప్యాకింగ్ చేసే వాళ్ళకో?" అన్నాను. వ్రాశాడు.

ఆ తరువాత ఒక శనివారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాడు. నేనూ ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. ఆలస్యం నిబంధన చదివేసరికి ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ లేచి, "బాబూ, మేం ఆలస్యమా, మా ఊరి బస్సు ఆలస్యమా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మావాడు నవ్వలేదు. విచారిస్తే ఆ ఊరినుంచి వచ్చేవారు ముగ్గురు, ఉన్నది ఒక్కటే బస్సు. ఆ ముగ్గురికి పని అరగంట వెనుక మొదలుపెట్టి అరగంట వెనుక వదిలేట్లు అక్కడికక్కడే మార్చాడు. మా రోజుల్లో యూనియన్‌కు 15 రోజుల గడువు ఇచ్చి అభ్యంతరాలు అడిగింది ఇందుకే. కుర్చీలో కూర్చున్నవాడికి బస్సు సంగతి తెలియదు.

కనుక మిత్రులారా, మీ పిల్లలు గాని, మీ అపార్టుమెంటు సంఘం గాని పని నిబంధనలు వ్రాసుకుంటూ ఉంటే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఎక్కడినుంచి దింపారు? ఎవరి మీద అమలవుతుందో వారికి చదివి వినిపించారా? వారి భాషలో, వారు రోజూ నడిచే చోట పెట్టారా? శిక్ష వేసేముందు మనిషి మాట వినాలని అందులో ఉన్నదా? మొత్తం చట్టం తెలియనక్కరలేదు. దానికి లాయర్లు ఉన్నారు, కార్మిక శాఖ కార్యాలయం ఉన్నది. ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి మనం చాలు. అడిగే తీరిక కూడా ఇప్పుడు మనకే ఉన్నది.

మావాడి గోడౌనులో ఆ ఐదు పేజీలూ హాజరు వేసే మిషను పక్కన గోడకు అంటించి ఉన్నాయి. చివరి పేజీలో చివరి పేరా మాత్రం నేను చెప్పి వ్రాయించాను. "సెలవు మీద వెళ్ళినవారు ఏ కారణం చేతనైనా తిరిగి రాలేకపోతే ఫోను చేసిగాని, ఎవరిచేతనైనా గాని కబురు పంపవలెను. కబురు అందకపోతే సంస్థయే వారి ఇంటికి ఉత్తరం వ్రాసి కనుక్కొనవలెను. వారి మాట వినకుండా ఎవరి పేరూ తీసివేయబడదు."

అంత పేరా ఎందుకని మావాడు అడగలేదు. అడిగితే ఒక స్టెన్సిల్ కథ చెబుదామనుకున్నాను. మీకు చెప్పాను.

 భోజనాలకు ఆలస్యం చేయను. సెలవు.